బతుకమ్మ ఆడటం మానేశాను. దగ్గినా, తుమ్మినా, నవ్వినా చుక్కలు పడుతున్నాయి

తంగేడుపువ్వు
ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను. నాకు 38. ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. రెండోవాడు మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు పుట్టాడు, కుట్లు కూడా పడ్డాయి. అప్పటి నుంచి గట్టిగా తుమ్మితే రెండు చుక్కలు మూత్రం పడేవి. బాలింత ఒళ్ళు కదా, అదే సర్దుకుంటుంది అనుకున్నాను. ఆరేళ్ళయింది, సర్దుకోలేదు. ఇప్పుడు బిందె ఎత్తినా, మెట్లు గబగబా దిగినా, క్లాసులో పిల్లలు ఏదన్నా అని నవ్వు వచ్చినా తడిసిపోతోంది.

కరీంనగర్ దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో టీచర్ని. పొద్దున ఏడింటికి టీ తాగితే మళ్ళీ మధ్యాహ్నం రెండు దాకా నీళ్ళు ముట్టను. లేత రంగు చీరలన్నీ మడతపెట్టి బీరువా అడుగున పెట్టేశాను. బ్యాగులో ఎప్పుడూ ఒక లంగా, రెండు ప్యాడ్లు. వాసన వస్తుందేమోనని స్టాఫ్ రూములో కిటికీ పక్క కుర్చీలోనే కూర్చుంటాను.

పోయినేడు సద్దుల బతుకమ్మ రోజు పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. ఒంగి లేచి చప్పట్లు కొడుతూ రెండు చుట్లు తిరిగానో లేదో, తెలిసిపోయింది. తలనొప్పి అని చెప్పి, మా బతుకమ్మను ఆడపడుచుకు అప్పజెప్పి ఇంటికి వచ్చేశాను. బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. ఈ ఏడు పండగ ఇంకా రెండు నెలలుంది. ఏం సాకు చెప్పాలా అని ఇప్పటి నుంచే ఆలోచిస్తున్నాను.

ఇద్దరు డాక్టర్లకు చూపించుకున్నాను. ఒకరు ఇన్ఫెక్షన్ అని మాత్రలిచ్చారు, తర్వాత పరీక్ష చేస్తే ఇన్ఫెక్షనే లేదు. ఇంకొకరు రెండు నిమిషాలు మాట్లాడి, "పిల్లలు చాలు కదా, గర్భసంచి తీయించుకో, పోతుంది" అన్నారు. చీటీ మీద స్ట్రెస్ అని ఏదో రాశారు. ఇది టెన్షన్ వల్ల వస్తుందా? గర్భసంచి తీస్తే పోతుందా?

వేపచెట్టు_నీడ
నా గురించే రాసినట్టుంది. నాకు 52. పదకొండేళ్ళ నుంచి ఉంది. మా ఆయనకు కూడా తెలియదు.

కందిపొడి
బాధపడకు చెల్లీ. ముందు నీళ్ళు తగ్గించు, సాయంత్రం ఆరు తర్వాత అసలు తాగకు. ఒంటికి వెళ్ళిన ప్రతిసారీ మధ్యలో ఆపి, మళ్ళీ వదిలి, మళ్ళీ ఆపు. కండరం గట్టిపడుతుంది. మా పిన్ని చెప్పింది, నేను అదే చేస్తున్నాను.

ఉదయం_నడక
గర్భసంచి మాట ముందు తేల్చాలి. తంగేడుపువ్వు గారూ, ఈ ఒక్క కారణానికి దాన్ని తీయించుకోకండి. నేను నర్సుగా చేసి రిటైరయ్యాను. మూత్రాశయం వేరు, గర్భసంచి వేరు. మూత్రనాళానికి కింద ఉండే పట్టు వదులైంది మీకు. గర్భసంచి తీస్తే ఆ పట్టు రాదు, కొందరికి ఉన్న పట్టు కూడా సడలుతుంది.

మా చెల్లెలికి 33 ఏళ్ళప్పుడు తెల్లబట్ట అవుతోందని, చుక్కలు పడుతున్నాయని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తీసేశారు. అండాశయాలు కూడా తీశారని తర్వాత కాగితాలు చూస్తే తెలిసింది. ఆ వయసుకే ఒంట్లో ఆవిర్లు, మోకాళ్ళ నొప్పులు. చుక్కలు మాత్రం ఆగలేదు, ఇంకా పెరిగాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి, గర్భసంచి తీసివేతల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలో అన్నిటికంటే ముందుండే రాష్ట్రాలు. మనవాళ్ళకు జబ్బులు ఎక్కువై కాదు. "ఇక పిల్లలు వద్దుగా" అనే ఒక్క మాట మీద ఆపరేషన్ అయిపోతోంది. నాకు ఇది రాస్తుంటేనే కోపం వస్తోంది.

తంగేడుపువ్వు
చాలా థాంక్స్ అక్కా. వచ్చే నెల చేయించేద్దామా అని మా అత్తమ్మ అంటోంది. ఇప్పుడే ఆపుతాను.

ఫిజియో_నీలి
నేను ఫిజియోథెరపిస్టును. కాన్పుల తర్వాత వచ్చే ఇలాంటి ఇబ్బందులే చూస్తాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

స్ట్రెస్ అంటే ఇక్కడ మనసు టెన్షన్ కాదు, పొట్టలో ఒత్తిడి. దగ్గినా, తుమ్మినా, బరువు ఎత్తినా పొట్టలోంచి కిందికి ఒత్తిడి పడుతుంది. కటి ఎముకల మధ్య అడుగున కండరాల అల్లిక ఒకటి ఉంటుంది. మన నులక మంచం గుర్తు తెచ్చుకోండి. చుట్టూ ఎముకలు పట్టీలు, మధ్యలో కండరాలు నులక. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివర దాని మీద ఆనుకుని ఉంటాయి. కాన్పుల్లో ఆ నులక సాగుతుంది. వదులు మంచం మీద కూర్చుంటే ఎలా జారిపోతామో, దగ్గినప్పుడు మూత్రనాళం అలా కిందికి జారుతుంది, మూత బిగుసుకోదు. కాళ్ళవైపు తాళ్ళు లాగి మంచాన్ని బిగించినట్టే ఈ కండరాలను కూడా బిగించవచ్చు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా స్త్రీవైద్యుడు 1948లోనే ఈ వ్యాయామాల గురించి రాశారు. ఆయన పేరు మీదే కెగెల్ అంటున్నాం. ఇప్పటికీ మొదటి చికిత్స ఇదే.

చేసే పద్ధతి: మోకాళ్ళు మడిచి వెల్లకిలా పడుకోండి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ బయటికి రాకుండా బిగబడతాం కదా, వెనక నుంచి ముందుకు అలా బిగించి, లోపలికి, పైకి లాగండి. తొడలు, పిర్రలు బిగించకూడదు. ఊపిరి ఆపకూడదు. మొదట్లో మూడు నాలుగు సెకన్లు పట్టి ఉంచి, అంతసేపూ వదిలేయండి. మెల్లగా పది సెకన్ల దాకా వెళ్ళాలి. ఒక వంతుకు కనీసం ఎనిమిది, రోజుకు మూడు వంతులు. చివర్లో టక్కున బిగించి టక్కున వదిలేవి కొన్ని. పడుకుని వచ్చాక కూర్చుని, ఆ తర్వాత నిలబడి చేయాలి, ఎందుకంటే మీరు తుమ్మేది పడుకుని కాదు కదా. కనీసం మూడు నెలలు. రెండు వారాలు చేసి ఏమీ కాలేదని మానేసేవాళ్ళే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. పైకి లాగుతున్నాం అనుకుంటూ కొందరు కిందికి ముక్కుతారు. దానివల్ల ఇంకా చెడుతుంది. అందుకే ఒక్కసారైనా తెలిసినవాళ్ళు పరీక్షించి, సరిగ్గా చేస్తున్నారో లేదో చూడాలి.

కందిపొడి గారూ, మధ్యలో ఆపడం ఆ కండరం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒకసారి సరే. రోజూ వ్యాయామంలా చేయకండి. మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవ్వదు, అలవాటు తప్పుతుంది. నీళ్ళు మానడం కూడా తప్పే. మూత్రం చిక్కబడి మంట, ఇన్ఫెక్షన్ వస్తాయి. పైగా మలబద్ధకం. ముక్కీ ముక్కీ ఆ నులకే ఇంకా సాగుతుంది.

కందిపొడి
నాలుగేళ్ళుగా చేస్తున్నానండీ, నాకేం కాలేదు. మా పిన్నికి ఓ డాక్టరే చెప్పిందట.

ఫిజియో_నీలి
నాలుగేళ్ళలో చుక్కలు ఆగాయా అండీ?

కందిపొడి
లేదు. సరే, పడుకుని చేసే పద్ధతి ఈ రాత్రి చూస్తాను.

మిర్చియార్డు
మా అమ్మ చెబుతుంటే నేను టైపు చేస్తున్నాను. అమ్మ గుంటూరులో మిరపకాయల ముచ్చికలు తీసే పనికి వెళ్తుంది. సీజన్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఘాటు. తుమ్ములు, దగ్గులు ఆగవు. "మీ టీచరమ్మకు క్లాసులో ఎప్పుడో తుమ్ము వస్తుంది, మాకు నిమిషానికొకటి" అంటోంది. పక్కన కూర్చునే వాళ్ళలో నలుగురికి ఉందట. గోనె పట్టా మీద కూర్చుంటారు కాబట్టి తడిసినా పైకి కనపడదు, సాయంత్రానికి తొడలు ఒరుసుకుపోయి మంట. బాత్రూం దూరం, పోయి వస్తే ఆ మేరకు కాయలు తగ్గుతాయి, కూలీ తగ్గుతుంది. ఇలాంటి వాళ్ళు ఏం చేయాలి?

ఉదయం_నడక
అమ్మా, మొదట ఆ దగ్గు తగ్గాలి. ముక్కుకు, నోటికి తడి గుడ్డ కాదు, మంచి మాస్కు. పని అయ్యాక కూడా దగ్గు ఉంటే ఛాతీ డాక్టరుకు చూపించాలి, దగ్గు ఆగకుండా ఇది ఆగదు. ఒరుపుకు: తడిసిన బట్ట మార్చుకోవడం, మామూలు నీళ్ళతో కడిగి తుడిచి, కొబ్బరినూనో వ్యాజిలినో పలచగా రాయడం. సబ్బు పదేపదే వద్దు. ప్యాడ్ కొనగలిగితే మూత్రం కోసం చేసినవి వేరే ఉంటాయి. నెలసరి ప్యాడ్ రక్తానికి చేసింది, మూత్రాన్ని అంత త్వరగా పీల్చదు.

ఫిజియో_నీలి
మిర్చియార్డు వాళ్ళ అమ్మగారికి ఇంకో చిట్కా. ఇది మందు కాదు, సమయం చూసి చేసే పని. తుమ్ము వచ్చే ముందు ఒక క్షణం తెలుస్తుంది కదా, ఆ క్షణంలోనే కింద గట్టిగా బిగించి తుమ్మాలి. బిగించి ఉంచే తుమ్మడం, తర్వాత వదలడం. మొదట్లో మర్చిపోతారు. పది రోజుల్లో అలవాటవుతుంది. గోనె ఎత్తే ముందు కూడా అంతే. ఇదొక్కటి నేర్చుకుని తడి బాగా తగ్గినవాళ్ళు నాకు తెలుసు.

గోదారిగట్టు
నాది వేరేలా ఉంటుంది. దగ్గితే ఏమీ కాదు. ఇంటికొచ్చి తాళం చెవి గుమ్మంలో పెట్టగానే ఇక ఆగదు. కుళాయి చప్పుడు విన్నా అంతే. రాత్రి మూడుసార్లు లేస్తాను. నాకూ ఈ బిగింపులేనా?

ఫిజియో_నీలి
మీది ఆపుకోలేని తొందర రకం. మూత్రాశయం నిండకముందే ముడుచుకుపోతోంది. బిగింపులు సాయం చేస్తాయి, కానీ అసలు చికిత్స మూత్రాశయానికి మళ్ళీ అలవాటు నేర్పడం. తొందర రాగానే పరుగెత్తకుండా కూర్చుని, నాలుగైదుసార్లు టక్కున బిగించి, తొందర తగ్గాక మెల్లగా వెళ్ళాలి. వెళ్ళే వేళల మధ్య ఎడం వారం వారం కాస్త పెంచుకుంటూ పోవాలి. కనీసం ఆరు వారాలు. కాఫీ, టీ తగ్గించి చూడండి. సరిపోకపోతే దానికి మాత్రలున్నాయి. దగ్గుతో వచ్చే రకానికి ఆ మాత్రలు పనిచేయవు. రెండూ కలిసి ఉండేవాళ్ళూ ఉంటారు. అందుకే అందరూ మూడు రోజులు ఒక కాగితం మీద రాసుకోండి: ఎప్పుడు ఎంత తాగారు, ఎప్పుడు వెళ్ళారు, ఎప్పుడు ఏం చేస్తుంటే తడిసింది. ఆ కాగితం చూస్తే డాక్టరుకు సగం పని అయిపోతుంది.

ఉదయం_నడక
గోదారిగట్టు గారూ, షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి, రాత్రి మూడుసార్లు అంటున్నారు కాబట్టి.

మామిడిపూత
నాకు ఏడో నెల. ఇదంతా చదివి భయమేస్తోంది. సిజేరియన్ చేయించుకుంటే రాదా?

ఫిజియో_నీలి
సిజేరియన్‌తో అవకాశం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. తొమ్మిది నెలల బరువు కూడా ఆ కండరాల మీదే పడుతుంది కదా. దీనికోసం కోత పెట్టించుకోవద్దు. ఇప్పుడే బిగింపులు మొదలుపెట్టండి. గర్భంతో ఉన్నప్పుడు నేర్చుకున్నవాళ్ళకు కాన్పు తర్వాత ఈ బాధ తక్కువ.

చలివేంద్రం
మా అత్తగారికి 67. "మడి కట్టుకుని వంట మొదలుపెట్టగానే దగ్గు వస్తుంది, మళ్ళీ స్నానం" అని శ్రావణమాసంలో వ్రతం మానేసింది. దేవుడి గదిలోకి వెళ్ళడమే తగ్గించేసింది. మాకేమో ఆవిడకు భక్తి తగ్గిందని అనిపించేది. పోయిన వారం ఈ చర్చ చదివి వినిపిస్తే, గంటసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

అత్తరుబుడ్డి
చలివేంద్రం గారూ, మా ఇంట్లోనూ ఇదే. నమాజులో సజ్దాకు, అంటే నుదురు నేలకు ఆనించడానికి, ఒంగగానే చుక్క పడేది. వుజూ (నమాజుకు ముందు నీళ్ళతో చేసుకునే శుద్ధి) పోయింది, మళ్ళీ చేయాలి. ఒక్క నమాజుకు మూడుసార్లు వుజూ చేసిన రోజులున్నాయి. కర్నూలు చలికాలంలో చన్నీళ్ళతో. చివరికి సిగ్గు విడిచి తెలిసిన ఒక ఆలిమా (మతశాస్త్రం చదివిన ఆవిడ) గారిని అడిగాను. ఆగకుండా కారే ఇబ్బంది ఉన్నవాళ్ళను మాజూర్ అంటారు, వాళ్ళు ఒక్కో నమాజు వేళకు ఒక వుజూ చేసుకుంటే చాలు, మధ్యలో పడినా ఫర్వాలేదు అన్నారు. అప్పుడప్పుడు పడేవాళ్ళకు లెక్క వేరు, కాబట్టి మీ సంగతి మీరు అడిగి తెలుసుకోండి. కానీ అడగండి. నేను అడగకుండా మూడేళ్ళు ఏడ్చాను.

ఇంటాయన
మగవాళ్ళు రాయవచ్చో లేదో. మా ఆవిడ రెండేళ్ళుగా పెళ్ళిళ్ళకు రావడం లేదు. మా అన్నయ్య కూతురు పెళ్ళికి కూడా భోజనాల ముందే వెళ్ళిపోదాం అంది. మా వాళ్ళంటే ఇష్టం లేదేమో అని నేను గొడవ పెట్టుకున్నాను, రెండు నెలలు మాటల్లేవు. ఆవిడ బ్యాగులో ఎప్పుడూ ప్యాడ్లు ఉంటాయి, వయసు 49, నెలసరి ఆగి ఏడాది దాటింది. ఇప్పుడు ఇది చదివితే అర్థమైంది. ఎలా అడగాలి?

వేపచెట్టు_నీడ
అన్నా, సూటిగా అడగొద్దు. "నీకు ఇలా ఉందా" అంటే లేదంటుంది, నేనైతే అలాగే అంటాను. ఈ చర్చ ఫోన్‌లో తెరిచి ఇచ్చి మీరు బయటికి వెళ్ళండి. ముందు ఆ గొడవకు మాత్రం క్షమించమనండి.

ఇంటాయన
ఈ రాత్రికే.

రెండో_షిఫ్ట్
అందరూ వ్యాయామం అంటున్నారు, నేను వేరే మాట చెప్తాను. ఎనిమిది నెలలు నిష్ఠగా బిగింపులు చేశాను, ఫిజియో దగ్గరే. కొంత తగ్గింది, కానీ నా పని ఫ్యాక్టరీలో నిలబడి, బరువులు మోసేది. తడుస్తూనే ఉంది. నాలుగేళ్ళ కింద హైదరాబాద్‌లో టేప్ ఆపరేషన్ చేయించుకున్నాను. మూత్రనాళం కింద సన్నటి పట్టీ వేస్తారు. ముందు మూత్రం ఒత్తిడి పరీక్షలన్నీ చేశారు. మర్నాడే ఇంటికొచ్చాను. అప్పటి నుంచి ఒక్క చుక్క లేదు. ఆపరేషన్ అనగానే బూచిని చూసినట్టు చూడకండి.

లండన్_గడప
రెండో_షిఫ్ట్ గారికి బాగైనందుకు సంతోషం. కానీ రెండో వైపు కూడా చెప్పాలి. ఆ పట్టీ ప్లాస్టిక్ వల లాంటిది. 1990లలో స్వీడన్‌లో ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ అనే డాక్టరు ఈ పద్ధతి తెచ్చారు, చిన్న కోత, త్వరగా అయిపోతుంది కాబట్టి ప్రపంచమంతా పాకింది. ఎంతోమందికి బాగైంది. కొందరికి మాత్రం ఆ వల లోపల కోసుకుని బయటికి రావడం, తగ్గని నొప్పి, నడవలేకపోవడం. తీయాలంటే కణజాలంలో కలిసిపోయి ఉంటుంది, సులభం కాదు. ఇక్కడ బ్రిటన్‌లో ఆ ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2018 జులైలో దాని వాడకాన్ని నిలిపివేశారు. 2020లో జూలియా కంబర్లెజ్ నాయకత్వంలో వచ్చిన నివేదిక, ఆడవాళ్ళు నొప్పి అని చెప్పినా డాక్టర్లు వినలేదని గట్టిగా రాసింది. మా వీధిలోనే ఒకావిడ కర్ర పట్టుకుని నడుస్తుంది.

రెండో_షిఫ్ట్
అలా భయపెడితే నాలాంటి వాళ్ళు జీవితాంతం తడిబట్టలోనే ఉండాలా?

లండన్_గడప
భయపెట్టాలని కాదు అక్కా. అడిగి తెలుసుకుని చేయించుకోమంటున్నాను. మీకు ముందు పరీక్షలు చేశారు, వివరించారు. అందరికీ అలా జరగదు. వల లేకుండా చేసేవి కూడా ఉన్నాయి: మన పొట్ట దగ్గరి సొంత పొర ముక్కతో పట్టీ వేయడం, బర్చ్ అని పైనుంచి కుట్లతో పైకెత్తి కట్టే పాత ఆపరేషన్, మూత్రనాళం చుట్టూ చిక్కటి జెల్ ఇంజెక్షన్. జెల్ ప్రభావం కొన్నాళ్ళకు తగ్గవచ్చు, మళ్ళీ వేయించుకోవాల్సి రావచ్చు. ఇక్కడ నాకు ముందు మూడు నెలలు ఫిజియో దగ్గరే చేయించారు, అది కాకుండా ఆపరేషన్ మాటే ఎత్తలేదు. నాకు దానితోనే ముప్పాతిక తగ్గింది. బ్యాడ్మింటన్ ఆడేటప్పుడు మాత్రం లోపల సిలికాన్ రింగు పెట్టుకుంటాను, ఆట అయ్యాక తీసేస్తాను.

ఉదయం_నడక
ఇద్దరి మాటా నిజమే. ఆపరేషన్‌కు ముందు అడగాల్సినవి: ఏ రకం, వల ఉందా లేదా, తేడా వస్తే ఎవరు చూస్తారు, ఒత్తిడి పరీక్ష చేస్తారా. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఆగాలి. మూత్రంలో రక్తం, కింద ఏదో గడ్డలా జారినట్టు ఉండటం, మూత్రం పూర్తిగా రాకపోవడం, రాత్రీ పగలూ ఆగకుండా కారడం ఉంటే వ్యాయామాలతో కూర్చోకుండా వెంటనే చూపించుకోండి.

కందిపొడి
బరువు తగ్గితే కూడా పోతుందంటారు కదా?

తంగేడుపువ్వు
నేను 54 కిలోలే అక్కా. ఎక్కడికి వెళ్ళినా ఆడవాళ్ళకు చెప్పే మొదటి మాట బరువు తగ్గమనే.

ఫిజియో_నీలి
మీకు అక్కర్లేదు. బరువు ఎక్కువున్నవాళ్ళకు మాత్రం నిజంగా పనిచేస్తుంది. అమెరికాలో అధిక బరువున్న ఆడవాళ్ళతో చేసిన పరిశీలన ఒకటి 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఆరు నెలల్లో సగటున 8 శాతం బరువు తగ్గినవాళ్ళకు వారంలో తడిసే సార్లు 47 శాతం తగ్గాయి. సలహాలు మాత్రమే విన్నవాళ్ళకు 28 శాతం. 75 కిలోల మనిషికి 8 శాతమంటే ఆరు కిలోలు. అంత తగ్గినా తేడా తెలుస్తుంది.

పేరొద్దు
ఎవరూ రాయని సంగతి నేను రాస్తాను. భర్త దగ్గరికి వెళ్ళాలంటే భయం. ఆ సమయంలో కూడా పడుతుంది. ఆయన ఒకసారి "ఏంటిది" అన్నారు, అంతే. ఏడాదిన్నరగా పిల్లల గదిలో పడుకుంటున్నాను. ఆయన తప్పేమీ లేదు, నేనే చెప్పలేదు. ఒక్కోసారి ఎందుకీ బతుకు అనిపిస్తుంది.

ఉదయం_నడక
తల్లీ, ఆ చివరి మాట నీ మనసులో తరచుగా వస్తుంటే ఈ రోజే ఎవరితోనైనా మాట్లాడు. మనసు బాధల కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ 14416కు ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. నాకు ఇక్కడ విడిగా కూడా రాయి. ఇక ఆ సమయంలో పడటం: ముందు ఒంటికి వెళ్ళి రావడం, కింద తువాలు వేసుకోవడం, వేరే భంగిమ. ఇది చికిత్స ఉన్న ఇబ్బంది. నీలి చెప్పిన బిగింపులు దీనికి కూడా పనికొస్తాయి.

ఇంటాయన
పేరొద్దు గారూ, భర్తల తరఫున ఒక మాట. ఆయనకు కారణం తెలియకపోతే, మీకు తనంటే ఇష్టం పోయిందనే అనుకుంటూ ఉంటాడు. నేను అలాగే అనుకున్నాను. ఆ రాత్రి ఫోన్ ఇచ్చి నేను మేడ మీదికి వెళ్ళాను. అరగంటకు పైకి వచ్చి "ఎప్పటి నుంచి చదువుతున్నావు ఇది" అంది. తెల్లారే దాకా మాట్లాడుకున్నాం. రేపు డాక్టరు దగ్గరికి.

పేరొద్దు
అందరికీ... ఏం రాయాలో తెలియడం లేదు. ఉదయం_నడక గారికి విడిగా రాశాను.

నిర్వాహకురాలు
ఈ చర్చలో ఒక కషాయం అమ్మే ప్రకటనను తీసేశాను. డాక్టర్ల పేర్లు, ఫోన్ నంబర్లు బహిరంగంగా అడగకండి, ఇవ్వకండి.

తంగేడుపువ్వు
సద్దుల బతుకమ్మ నిన్న అయింది. ఏమైందో రాస్తానని అందరికీ మాటిచ్చాను.

మొదటి పోస్టు రాసిన వారానికి జిల్లా కేంద్రంలో వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మూడు రోజుల కాగితం పట్టుకెళ్ళాను. ఆవిడ దగ్గమని పరీక్షించారు, గర్భసంచి బాగుంది, ముట్టుకోవద్దు అన్నారు. ఫిజియో దగ్గర తెలిసిందేమంటే, నేను ఇంటి దగ్గర చేసినన్ని రోజులూ కిందికే ముక్కుతున్నాను. సరిగ్గా నేర్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. సీరియల్‌లో ప్రకటనలు వచ్చినప్పుడల్లా ఒక వంతు చేస్తున్నాను. మా అత్తమ్మ అనుమానంగా చూసి, అడిగి, ఇప్పుడు ఆమె కూడా చేస్తోంది. "పిల్లలు పుట్టాక అందరికీ ఉండేదే" అన్న మనిషికి పాతికేళ్ళ నుంచి ఉందట. స్కూల్లో నీళ్ళ సీసా బల్ల మీదే పెట్టుకుంటున్నాను.

పోలేదు ఇంకా. ఎనిమిది వారాలే అయింది. నిన్న ప్యాడ్ పెట్టుకునే వెళ్ళాను. ఒంగే ముందు బిగించాలని గుర్తుంచుకుంటే పాట మర్చిపోతున్నాను, పాట అందుకుంటే బిగింపు మర్చిపోతున్నాను. రెండుసార్లు తెలిసింది. కానీ మధ్యలో రాలేదు. చెరువు దాకా వెళ్ళాను, మా బతుకమ్మను నా చేతులతోనే నీళ్ళలో వదిలాను, సత్తుపిండి పంచాను. లేత పసుపు చీర కట్టుకున్నాను.

వేపచెట్టు_నీడ
చదివి ఏడ్చాను. నేనూ మా ఆయనకు చెప్పాను. "పదకొండేళ్ళా" అని అదే మాట పదిసార్లు అన్నారు.

రెండో_షిఫ్ట్
శభాష్ చెల్లీ. మూడు నెలలు నిండనీ. అప్పటికీ సరిపోకపోతే మిగతా దారులున్నాయి, అది మాత్రం గుర్తుంచుకో.

చలివేంద్రం
మా అత్తగారు కార్తీక సోమవారాలు ఉంటానంది. డాక్టరు దగ్గు మందు మార్చారు, మలబద్ధకానికి ఇచ్చారు. ప్యాడ్ పెట్టుకుంటే మడి చెడదా అని అడిగితే, మా ఊరి పంతులుగారు "శరీరం సహకరించినంత వరకే అమ్మా ఆచారం" అన్నారట.

మిర్చియార్డు
మళ్ళీ అమ్మ మాటలే టైపు చేస్తున్నాను. కొత్త కాయ వచ్చేలోపు నేర్చుకోవాలని ఇప్పటి నుంచే మొదలుపెట్టారు. ఏడుగురు అయ్యారు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక కూర్చున్నచోటే చేస్తారు, లెక్క మా అమ్మ పెడుతుంది. ఎవరికైనా తుమ్ము వస్తున్నట్టు ముఖం పెడితే పక్కవాళ్ళు "బిగించు" అని అరుస్తారట. మేస్త్రి వచ్చి ఏం బిగించాలని అడిగితే మూట అని చెప్పారట. నీలి గారికి అమ్మ ప్రశ్న: రాత్రి పడుకోగానే నిద్ర పట్టేస్తోంది, ఆ వంతు తప్పిపోతోంది. పొద్దున్నే రెండు వంతులు చేస్తే సరిపోతుందా?

ఫిజియో_నీలి
సరిపోతుంది, కానీ రెండూ ఒకేసారి కాదు. లేవగానే పక్క మీద ఒకటి, పనికి వెళ్ళే ఆటోలో ఒకటి. కండరం అలిసిపోతే సరిగ్గా బిగుసుకోదు.

మిర్చియార్డు
ఆటోలో పన్నెండు మంది ఉంటారు, అందరికీ చెప్తాను అంటోంది.